కొత్త ఫోన్‌లో కొత్తేముంది?

ఫోన్ల దుకాణంలో ధర అడిగాక కొనేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "నా దగ్గరున్నదానికీ దీనికీ తేడా ఏంటి?" పదేళ్ల కిందట ఈ ప్రశ్నతో పనే ఉండేది కాదు. తెర పెద్దదయ్యేది, ఫొటో తేటగా వచ్చేది, వీడియో ఆగకుండా ఆడేది. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోయేది. ఇప్పుడు కౌంటర్ వెనకున్న కుర్రాడు ప్రాసెసర్ పేరు చెబుతాడు, మెగాపిక్సెళ్ల లెక్క చెబుతాడు, ఎక్స్ఛేంజ్ బోనస్ ఎంతో చెబుతాడు. అంతా విని, పాత ఫోన్‌కే కొత్త టెంపర్డ్ గ్లాస్ వేయించుకుని బయటికొచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.

అమ్మకాల లెక్కలూ ఇదే చెబుతున్నాయి. పరిశోధన సంస్థ ఐడీసీ అంచనా ప్రకారం 2016లో ప్రపంచం మొత్తం మీద సుమారు 147 కోట్ల స్మార్ట్‌ఫోన్లు మార్కెట్‌లోకి వెళ్లాయి. 2023 నాటికి ఆ సంఖ్య 117 కోట్ల దగ్గరికి పడిపోయింది. ఆ తర్వాత కొంత కోలుకున్నా పాత శిఖరాన్ని మళ్లీ అందుకోలేదు. మన దేశంలో 2021లో 16 కోట్లు దాటిన సరఫరా తర్వాతి మూడేళ్లూ 15 కోట్లకు అటూ ఇటూగానే ఉండిపోయింది. ఇక నుంచి ఎన్ని ఐఫోన్లు అమ్మామో చెప్పబోమని యాపిల్ 2018 నవంబరులో ప్రకటించింది. రెండు నెలలకే, 2019 జనవరి 2న, ఆ సంస్థ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు లేఖ రాసి ఆదాయం అంచనాను తగ్గించారు. చైనాలో గిరాకీ పడిపోవడాన్ని ప్రధాన కారణంగా చూపుతూనే, చవగ్గా దొరికిన బ్యాటరీ మార్పిడిని జనం వాడుకున్నారన్న సంగతినీ ఆయన ప్రస్తావించారు.

ఈ చివరి మాట వెనక కథ ఉంది. అరిగిపోయిన బ్యాటరీలున్న పాత ఐఫోన్లను సాఫ్ట్‌వేర్ ద్వారా నెమ్మదింపజేస్తున్నట్టు 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండటానికే అలా చేశామంది. అయినా క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని ఏడాది పాటు 29 డాలర్లకు చేసిపెట్టింది. వెయ్యి డాలర్ల కొత్త ఫోన్‌కు 29 డాలర్ల బ్యాటరీ పోటీగా నిలబడింది. స్మార్ట్‌ఫోన్ల చరిత్రలో వినియోగదారుడి మనసు ఇంత స్పష్టంగా బయటపడిన సందర్భం మరొకటి లేదని నా అభిప్రాయం. జనానికి కావలసింది కొత్త ఫోన్ కాదు, తమ ఫోన్ మునుపటిలా పనిచేయడం.

ఆవిష్కరణ వేగం తగ్గిందా, లేక మన ఆశలే పెరిగిపోయాయా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. వేగం తగ్గిన మాట నిజం. అయితే అది ముఖ్యంగా కంటికి కనిపించే చోట తగ్గింది. కొనేవాళ్లు ఈ సంగతి గ్రహించి తమ కోరికల్ని ఎప్పుడో సర్దుకున్నారు. సర్దుకోనిది ఏటా ఒక అద్భుతం చూపిస్తామని మాటిచ్చే పరిశ్రమే.

మన ఆశలు ఎక్కడ తయారయ్యాయో ముందు చూడాలి. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ చూపించిన మొదటి ఐఫోన్‌లో 3జీ లేదు, వీడియో తీయడం లేదు, ముందు కెమెరా లేదు, బయటివాళ్ల యాప్‌లు లేవు. రాసింది ఒకచోట కాపీ చేసి మరోచోట పేస్ట్ చేసే వీలు కూడా 2009 దాకా రాలేదు. అన్ని లోట్లున్న వస్తువుకు ఏటా ఒక లోటు పూడ్చినా అది పెద్ద మార్పే అవుతుంది. 2008లో యాప్ స్టోర్ వచ్చింది, 2010లో ముందు కెమెరా, కంటికి చుక్కలు కనిపించని తెర, 2013లో వేలిముద్ర. ప్రతి అడుగూ నిజంగానే జీవితాన్ని మార్చింది.

మన దగ్గర ఆ ప్రయాణమంతా మూడేళ్లలో ముగిసింది. 2014 ఫిబ్రవరిలో మోటో జీ 12,499 రూపాయలకు, మేలో మోటో ఈ 6,999కి, సెప్టెంబరులో షావోమీ రెడ్‌మీ 1ఎస్ 5,999కి ఫ్లిప్‌కార్ట్‌లో అమ్మకానికొచ్చాయి. 2015 ఆగస్టులో షావోమీ విశాఖపట్నంలో సభ పెట్టి, శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన తన తొలి భారతీయ ఫోన్‌ను విడుదల చేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. 2017 జనవరిలో 9,999 రూపాయలకే రెడ్‌మీ నోట్ 4 దొరికింది. మీటల నోకియా వదిలి వీటిలో ఒకటి పట్టుకున్న మనిషికి అది ఫోన్ మార్చడం కాదు, ఇంట్లోకి సినిమా హాలూ, స్టూడియో, ఉత్తరాల సంచీ ఒకేసారి రావడం. అలాంటి గెంతు చూసిన తరం తర్వాతి ఫోన్ నుంచీ అంతే ఆశించడంలో తప్పు లేదు. కానీ అలాంటి గెంతు మనిషి జీవితంలో ఒక్కసారే వస్తుంది.

ఆ తర్వాత ఏం అడ్డొచ్చింది? సిలికాన్ చిప్పులు ఇక చిన్నవి కావడం కష్టమైందని చాలామంది చెబుతారు. అందులో నిజం ఉంది గానీ చిప్పులు ఇంకా మెరుగవుతూనే ఉన్నాయి, 2023లో 3 నానోమీటర్ల తరం చిప్పు ఫోన్లలోకి వచ్చేసింది. అసలు గోడ మనిషి శరీరమే. 2010లో ఐఫోన్ 4 తెర అంగుళానికి 326 చుక్కలకు చేరినప్పుడే, చేతి దూరంలో పట్టుకుని చూసే కంటికి విడివిడి చుక్కలు కనిపించడం మానేశాయి. ఆ తర్వాత చుక్కలు ఎన్ని కలిపినా కన్ను గుర్తించదు. 3.5 అంగుళాల తెర పెరిగి పెరిగి 6.9 అంగుళాల దగ్గర ఆగింది, ఎందుకంటే అరచేయీ చొక్కా జేబూ పెరగలేదు. రీల్ ఇప్పటికే వేలు తాకగానే తెరుచుకుంటోంది. అది సగం సమయంలో తెరుచుకున్నా ఎవరికీ తెలియదు.

రెండో గోడ వేడి. మామూలు ఫోన్‌లో ఫ్యాన్ లేదు, వేడి బయటికి పోవడానికి గాజు, లోహం తప్ప దారి లేదు. అందుకే ప్రకటనలో చూపిన వేగాన్ని ఫోన్ కాసేపే నిలబెట్టుకుంటుంది, ఆ తర్వాత తనను తాను తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో విజయవాడలోనో రామగుండంలోనో బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించుకుని మ్యాప్ చూస్తూ తిరిగే డెలివరీ కుర్రాళ్లకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. తెర వెలుగు దానంతటదే తగ్గిపోతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది.

కెమెరాది ఇంకో రకం చిక్కు. ఫొటో బాగుండాలంటే ఎక్కువ వెలుతురు లోపలికి రావాలి, దానికి పెద్ద సెన్సార్ కావాలి, పెద్ద సెన్సార్‌కు లోతు కావాలి. పలచని ఫోన్‌లో లోతెక్కడిది? వెనక ఉబ్బెత్తుగా కనిపించే కెమెరా గడ్డలన్నీ ఈ చిక్కులోంచి పుట్టినవే. మెగాపిక్సెళ్లు 12 నుంచి 108కి, 200కి ఎగబాకాయి. మామూలు పద్ధతిలో తీస్తే మాత్రం 200 మెగాపిక్సెళ్ల ఫోన్ కూడా పదహారేసి చుక్కల్ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే దాచుకుంటుంది. అసలు గెంతు సాఫ్ట్‌వేర్‌లో జరిగింది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లకు నైట్ సైట్ తెచ్చింది. చీకట్లో వరుసగా చాలా ఫొటోలు తీసి, చేతి వణుకును లెక్కగట్టి, అన్నిటినీ ఒకటిగా కలిపే పద్ధతి అది. 2016 తర్వాత వచ్చిన మార్పుల్లో సామాన్యుడి కంటికి ఆనిన నిజమైన మార్పు ఏదంటే నేను దీన్నే చెబుతాను. అదీ ఇప్పుడు మధ్య రకం ఫోన్లన్నిటికీ చేరింది, కాబట్టి కొత్త ఫోన్ కొనడానికి అది కారణం కాదు.

వినియోగదారుల ఆశల గురించి మార్కెటింగ్ శాస్త్రం చాలాకాలం కిందటే ఆలోచించింది. తృప్తి అనేది వస్తువు నాణ్యతను బట్టి మాత్రమే రాదని, ముందు ఎంత ఆశించామో దానికీ చేతికొచ్చినదానికీ మధ్య తేడాను బట్టి వస్తుందని రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించారు. ఈ లెక్కన ఫోన్ మెరుగవుతూనే ఉన్నా కొన్నవాళ్లు నిరాశపడటంలో వింత లేదు. వేదిక మీద చెప్పే మాటలు ఆశను ఏటా ఒక మెట్టు ఎక్కిస్తాయి, ఫోన్ మాత్రం అర మెట్టే ఎక్కుతుంది. 2005లో థాంప్సన్, హామిల్టన్, రస్ట్ అనే ముగ్గురు పరిశోధకులు మరో విషయం తేల్చారు. కొనేముందు మనుషులు ఎక్కువ సదుపాయాలున్న వస్తువునే ఎంచుకుంటారు, వాడటం మొదలుపెట్టాక తేలిగ్గా వాడుకోగలిగిందే మేలనుకుంటారు. కంపెనీలు పెట్టె మీద పాతిక సదుపాయాలు ఎందుకు రాస్తాయో, వాటిలో ఇరవై మనం ఎప్పుడూ ఎందుకు తెరవమో ఇక్కడ అర్థమవుతుంది.

క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లో రాసిన 'ది ఇన్నొవేటర్స్ డైలమా' నాకు ఈ ప్రశ్నకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. హార్డ్ డిస్కుల పరిశ్రమను తవ్వి ఆయన తేల్చిందేమిటంటే, సాంకేతికత పెరిగే వేగం మనుషుల అవసరం పెరిగే వేగాన్ని ఒక దశలో దాటేస్తుంది. అప్పటి నుంచి పోటీ సామర్థ్యం మీద జరగదు. ముందు నమ్మకం మీద, తర్వాత సౌకర్యం మీద, చివరికి ధర మీద జరుగుతుంది. స్మార్ట్‌ఫోన్ ఆ గీత దాటి దాదాపు దశాబ్దమైంది. సీలింగ్ ఫ్యాన్‌ను చూడండి. అందులో కొత్తేముందని ఎవరూ అడగరు. అయినా 75 వాట్లు తాగే ఫ్యాన్ స్థానంలో 30 వాట్ల లోపే తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ వచ్చింది. చూడ్డానికి తేడా లేదు, కరెంటు బిల్లులో ఉంది. ఎదిగిన వస్తువులో ఆవిష్కరణ అంటే అలాంటిదే. ఫోన్ నుంచి మనం అడగవలసిందీ, అడుగుతున్నదీ అలాంటిదే.

కంపెనీల వైపు వాదన కూడా వినాలి. మేం కొత్తవి తెచ్చాం, మీరే కొనలేదు అంటాయవి. 2014లో అమెజాన్ తెర మీద బొమ్మలు లోతుగా కనిపించే ఫైర్ ఫోన్ తెచ్చి 17 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ముక్కలు విప్పి మార్చుకునే జీ5 ఫోన్‌ను ఎల్జీ 2016లో తెచ్చింది, నిలబడలేదు. 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం నుంచే వైదొలగుతున్నట్టు ప్రకటించింది. మడిచే ఫోన్ 2019 నుంచీ ఉంది. శాంసంగ్ తొలి గెలాక్సీ ఫోల్డ్ మన దగ్గర 1,64,999 రూపాయలు. విడుదలకు ముందే సమీక్షకుల చేతుల్లో తెరలు పాడైపోవడంతో దాన్ని నెలల పాటు వాయిదా వేశారు. తర్వాత మడత గట్టిపడింది, ధర కొంత దిగింది, అయినా మొత్తం అమ్మకాల్లో మడిచే ఫోన్ల వాటా నూటికి ఒకటి రెండుకు మించలేదు.

ఈ వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. ఫైర్ ఫోన్ బొమ్మల లోతు ఎవరూ అడిగింది కాదు. జనం అడిగిన కోరికకు దగ్గరగా వచ్చింది గూగుల్ ప్రాజెక్ట్ ఆరా. పాడైన భాగాన్ని మాత్రమే మార్చుకుని ఫోన్‌ను ఏళ్ల తరబడి వాడుకోవచ్చన్న ఆలోచన అది. 2016 సెప్టెంబరులో, దుకాణం గుమ్మం తొక్కక ముందే దాన్ని ఆపేశారు. జనం తిరస్కరించడానికి వాళ్ల ముందుకు అది రానే లేదు.

బ్యాటరీ విషయంలో కూడా నేరమంతా భౌతికశాస్త్రం మీదకు నెట్టడం కుదరదు. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో సోనీ మార్కెట్‌లోకి తెచ్చినప్పటి నుంచీ నెమ్మదిగానే మెరుగవుతూ వచ్చింది. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు మంటలు పుట్టించడంతో శాంసంగ్ 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. ఆ దెబ్బ తర్వాత జాగ్రత్త పెరగడం సహజం. కానీ 2020లో వచ్చిన ఎస్20 అల్ట్రా నుంచి 2025లో వచ్చిన ఎస్25 అల్ట్రా దాకా, ఆరు తరాల పాటు, బ్యాటరీ 5000 ఎంఏహెచ్ దగ్గరే ఉండిపోయింది. ఈలోగా చైనా కంపెనీలు గ్రాఫైట్ స్థానంలో సిలికాన్ కలిపిన కార్బన్ వాడటం మొదలుపెట్టాయి. 2023లో హానర్ దాన్ని ఫోన్‌లో పెట్టింది. 2025 చివర్లో వచ్చిన వన్‌ప్లస్ 15లో బ్యాటరీ 7300 ఎంఏహెచ్. అదే ఏడాది శాంసంగ్ 5.8 మిల్లీమీటర్ల పలచని ఎస్25 ఎడ్జ్‌ను 3900 ఎంఏహెచ్‌తో తెచ్చింది. సాయంత్రానికి ఛార్జింగ్ దిగిపోతోందని జనం ఏళ్లుగా మొత్తుకుంటుంటే, ఒకరు బ్యాటరీ పెంచారు, మరొకరు మందం తగ్గించారు.

ఇక కృత్రిమ మేధ. 2024 జనవరిలో గెలాక్సీ ఏఐ, జూన్‌లో యాపిల్ ఇంటెలిజెన్స్ ప్రకటనలు వచ్చినప్పుడు జనం మళ్లీ ఫోన్లు మారుస్తారని పరిశ్రమ గట్టిగా నమ్మింది. మన సంగతులన్నీ తెలిసి మెలిగే కొత్త సిరి ఆలస్యమవుతుందని యాపిల్ 2025 మార్చిలో చెప్పవలసి వచ్చింది. ఫోన్‌కే బదులుగా ఉంటుందని వచ్చిన హ్యూమేన్ ఏఐ పిన్ ఏడాది గడవకముందే, 2025 ఫిబ్రవరిలో మూతపడింది. ఇందులో అసలు ఇబ్బంది వేరే ఉంది. జనం నిజంగా వాడుతున్న ఏఐ చాలావరకు దూరాన ఉన్న సర్వర్లలో నడుస్తుంది. ప్రశ్న అడగటానికి నాలుగేళ్ల నాటి ఫోన్ చాలు. కొత్త ఫోన్ కొనిపించడానికి వచ్చిన సాంకేతికతే పాత ఫోన్‌కు ఆయుష్షు పోస్తోంది.

మన దేశంలో గత పదేళ్లలో ఫోన్ వల్ల వచ్చిన అతి పెద్ద మార్పు కూడా ఏ ఫోన్ కంపెనీ చేసింది కాదు. 2016లో మొదలైన యూపీఐ 2023 ఆగస్టులో ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసే ఫోన్ ధర ఏడు వేలా, లక్షన్నరా అన్నదానితో ఆ పనికి సంబంధం లేదు. కొత్తదనం ఫోన్‌లోంచి ఫోన్ మీదకు మారింది. 2022 అక్టోబరులో 5జీ మొదలయ్యాక దాని కోసమే ఫోన్ మార్చినవాళ్లున్నారు. రోజువారీ పనుల్లో వాళ్లకు కనిపించిన తేడా మాత్రం స్వల్పం.

తెలుగువాళ్లకు ఫోన్‌లో వచ్చిన నిజమైన మెరుగుదల కూడా ప్రకటనల్లో కనిపించదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపించేవి. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది. కీబోర్డు మీద ఒత్తులూ గుణింతాలూ వెతుక్కోలేక ఫోన్‌కు దూరంగా ఉండిపోయిన పెద్దవాళ్లు మాట్లాడి సందేశం పంపడం మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఎదురైతే ఐఫోన్‌లో సందేశాల యాప్ కుప్పకూలేది. లక్ష రూపాయలకు దగ్గరైన ఐఫోన్ X అప్పటికి మార్కెట్‌లో ఉంది, ముఖం చూసి తాళం తీసేది. కోట్లమంది రాసే ఒక అక్షరాన్ని మాత్రం తట్టుకోలేకపోయింది. యాపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. కానీ పరీక్షలు ఎవరి అవసరాలను దృష్టిలో పెట్టుకుని జరుగుతాయో ఆ ఘటన చూపించింది. శ్రీకాకుళం యాసనో పాలమూరు యాసనో తడబడకుండా అర్థం చేసుకోవడం నాకు 200 మెగాపిక్సెళ్ల కన్నా పెద్ద ఆవిష్కరణ. ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది.

అందుకే మందగమనం అన్న మాటను ఖరీదైన ఫోన్ల వైపు నుంచి మాత్రమే చూడటం నాకు నచ్చదు. పది పన్నెండు వేలు పెట్టి కొన్నవాళ్ల ఇబ్బందులు వేరు. రెండో ఏడు ముగిసేసరికి ఛార్జింగ్ నిలవదు, స్టోరేజీ నిండిపోయి ఫోన్ హ్యాంగ్ అవుతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. మరికొన్నాళ్లకు బ్యాంకు యాప్ మీ ఆండ్రాయిడ్ పాతదంటూ తెరుచుకోవడం మానేస్తుంది. ఫోన్ బాగానే ఉంది, పని మాత్రం జరగదు. ఈ చోట కదలిక మొదలైంది. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024 జనవరిలో ఎస్24కి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. అవి ఖరీదైనవి. అదే ఏడాది అక్టోబరులో సుమారు 19 వేల రూపాయల గెలాక్సీ ఏ16కి ఆరేళ్లు ప్రకటించడం నా దృష్టిలో అంతకన్నా పెద్ద వార్త. దాని మీద జరిగిన చర్చ మాత్రం చాలా తక్కువ.

మరమ్మతు సంగతి కూడా ఇందులో భాగమే. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ మార్చే చేతులకు కొరత లేదు. కొరతంతా అసలు విడిభాగాలకూ, అతికించిన ఫోన్‌ను తేలిగ్గా విప్పే వీలుకూ. ఫ్రాన్స్ 2021లోనే ఫోన్ల మీద మరమ్మతు సౌలభ్యానికి మార్కులు వేయించడం మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు తెచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆగాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి, బ్యాటరీ 800 సార్లు నిండి ఖాళీ అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలబెట్టుకోవాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, 2024లో మరమ్మతు సూచీ కోసం కమిటీ వేసింది. అయినా ఇక్కడ దుకాణంలో పెట్టె తిప్పి చూస్తే ర్యామ్ ఎంతో, కెమెరా ఎంతో ఉంటుంది గానీ అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయో ఉండదు. మూడేళ్లు, నాలుగేళ్లు వాడాలనుకుని కొనేవాళ్లకు మొదట కావలసిన సమాచారం అదే.

రాబోయే కాలంలో దీని అవసరం మరింత పెరుగుతుంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను పెద్ద మొత్తంలో లాక్కుంటుండటంతో 2025 చివరి నుంచి వాటి ధరలు బాగా పెరిగాయి. లక్ష రూపాయల ఫోన్ ఆ భారాన్ని లాభంలోంచి కొంత మోయగలదు. పదివేల ఫోన్‌లో మోయడానికి మిగిలే లాభమే తక్కువ. కంపెనీ ధర పెంచాలి, లేదా ర్యామ్ తగ్గించాలి. రెండింటిలో ఏది జరిగినా ఆ ఫోన్ కొనే కుటుంబం చేతిలో ఉన్నదాన్ని ఇంకో ఏడాది నెట్టుకురావాలనుకుంటుంది. అప్పుడు వాళ్లకు అక్కరకొచ్చేది నమ్మకమైన బ్యాటరీ, అందుబాటు ధరలో డిస్‌ప్లే, ఆగకుండా వచ్చే అప్‌డేట్.